లెక్కలు ఇష్టం, బయాలజీ చదవలేదు: జీవ గడియారాల పరిశోధన వైపు వెళ్లవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. లెక్కల్లో దిట్ట. ఇంజినీరింగ్ వద్దంటోంది. ఆర్థర్ విన్‌ఫ్రీ అనే శాస్త్రవేత్తలాగా శరీరంలోని లయలను సమీకరణాలతో పరిశోధిస్తానంటోంది. ఆయన పని వల్ల ఎవరికి ఏం ఒరిగింది? ఇది తిండి పెట్టే చదువేనా?
– ఒక తండ్రి

జవాబు: అమ్మాయి మంచి మనిషినే ఎంచుకుంది. విన్‌ఫ్రీ (1942–2002) అమెరికన్. జీవశాస్త్రంలోకి వెళ్లాలన్న ఆలోచనతోనే కార్నెల్‌లో ఇంజినీరింగ్ ఫిజిక్స్ చదివారు. 1970లో ప్రిన్స్‌టన్‌లో పీహెచ్‌డీ చేసింది మాత్రం జీవశాస్త్రంలో. కాబట్టి ఎంపీసీ తీసుకుందన్న దిగులు మీకు అక్కర్లేదు.

ఆయన చేసిన ఒక ప్రయోగం చెబుతాను. పండ్ల ఈగలు ప్యూపా నుంచి తెల్లవారే వేళకు బయటపడతాయి. చీకటి గదిలో ఉంచినా సుమారు 24 గంటలకోసారి గుంపుగా వస్తూనే ఉంటాయి. లోపల గడియారం నడుస్తోందన్నమాట. మధ్యలో కాసేపు వెలుతురు చూపిస్తే అది ముందుకో వెనక్కో జరుగుతుంది. ఎప్పుడు చూపించాం, ఎంతసేపు చూపించాం అన్నదాన్ని బట్టి ఎంత జరిగిందో గ్రాఫు గీస్తే, ఆ గడియారానికి వేళ అంటూ లేని బిందువు ఒకటి అందులో ఎక్కడో ఉండి తీరాలని విన్‌ఫ్రీ లెక్క తేల్చింది. కాగితం మీద తేలింది కదా అని ఆయన ఊరుకోలేదు. వేర్వేరు గంటల్లో, వేర్వేరు నిడివుల్లో మసక నీలి కాంతి చూపిస్తూ ఆ బిందువును వెతికి పట్టుకున్నారు. సరైన ఘడియలో ఒక నిమిషం కూడా పట్టని వెలుతురు పడింది, అంతే. ఆ తర్వాత ఈగలు వేళాపాళా లేకుండా బయటికి రాసాగాయి.

ఈ తర్కాన్నే ఆయన గుండెకు పట్టించారు. గుండె కండరంలో విద్యుత్ తరంగం ఒక్కోసారి సుడి తిరుగుతుంది. ఆ సుడి నడిమధ్యనా అలాంటి బిందువే ఉంటుంది. లయ తప్పి గుండె అల్లాడిపోయే ఫిబ్రిలేషన్‌ను, హఠాన్మరణాలను అర్థం చేసుకునే దారుల్లో ఇదొకటైంది. ఆయన ఏ రోగికీ వైద్యం చేయలేదు. వైద్య పరిశోధకులు ఏం వెతకాలో చెప్పారు.

ఇంకో పని అంతకు ముందుది, 1967లో విద్యార్థిగా ఉండగానే ప్రచురించినది. తలా ఒక వేగంతో నడిచే గడియారాలు ఒకదాన్నొకటి ప్రభావితం చేసుకుంటే ఏమవుతుంది? ప్రభావం ఒక హద్దు దాటగానే, భజనలో తాళం కుదిరినట్టు, చాలా వరకు ఒక్కసారిగా కలిసిపోతాయని చూపించారు. దాని ఆధారంగా జపాన్‌కు చెందిన యొషికి కురమోటో 1975లో రాసిన సరళమైన సమీకరణాలను ఈనాడు విద్యుత్ గ్రిడ్లను అధ్యయనం చేసేవాళ్లు కూడా వాడుతున్నారు. పరిశోధన ప్రభావాన్ని ఎన్ని పత్రాలు రాశారన్న లెక్కతో తూచేవాళ్లను చూస్తే నాకు విసుగు. తన రంగంతో సంబంధం లేనివాళ్లు దాన్ని ఎత్తుకెళ్లి ఏం చేసుకున్నారో చూడాలి.

మీ అమ్మాయిని ఒక్కటి అడగండి: ఈగలను కూడా లెక్కపెడుతుందా? సమీకరణాల మీద మాత్రమే మోజైతే శుద్ధ గణితం చదవడమే మేలు. కొలతలు తీసే ఓపిక లేకుండా ఈ రంగంలోకి వస్తే, ఎవరికీ పనికిరాని అందమైన నమూనాలు తయారవుతాయి. అలాంటివి ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి.

ఆ ఓపిక ఉందంటే దారులున్నాయి. సైన్సు చదువుకూ పరిశోధనకూ ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. దాని ప్రవేశ పరీక్షకు ఎంపీసీ వాళ్లు అర్హులే, కానీ ప్రశ్నల్లో నాలుగో వంతు బయాలజీ నుంచే వస్తాయి. పాఠ్యపుస్తకాలు ఇప్పుడే తెప్పించండి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటేషనల్ నేచురల్ సైన్సెస్ డ్యుయల్ డిగ్రీ ఉంది. బీటెక్ చేతికి వస్తుంది కాబట్టి మీకూ ధైర్యం. కాలేజీలో చేరాక డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, పైథాన్, గణాంకశాస్త్రం వదలకూడదు. సెలవుల్లో ఏదైనా ప్రయోగశాలలో ఇంటర్న్‌షిప్ చేయాలి.

డబ్బు సంగతి దాచను. డిగ్రీ, పీహెచ్‌డీ కలిపి పదేళ్ల వరకు పడుతుంది. అర్హత సాధిస్తే జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) కింద నెలకు 37,000 రూపాయలు వస్తాయి. స్నేహితులు ఐటీ జీతాలు తీసుకుంటున్నప్పుడు అది తక్కువగానే కనిపిస్తుంది. విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాలు కొద్ది, పోటీ ఎక్కువ. అయితే మందు శరీరంలో ఎంతసేపు నిలుస్తుందో, ఏ మోతాదు సరిపోతుందో నమూనాలతో లెక్కగట్టేవాళ్లు ఫార్మా కంపెనీలకు కావాలి. డేటా సైన్స్ ఎలాగూ ఉంది. ఇంట్లో వెంటనే జీతం అవసరమైతే మాత్రం ట్రిపుల్ ఐటీ దారినే ముందు ప్రయత్నించమనండి. బీటెక్ ఉంటే మధ్యలో ఉద్యోగంలో చేరి, పీహెచ్‌డీకి తర్వాత వెళ్లవచ్చు.