జులైలో అమ్మానాన్నలతో నాక్సోస్, శాంటోరిని: ఏ ఓడ ఎక్కాలి?

మీరు అడిగినవి రెండు. జులై చివర్లో గ్రీస్‌లో ఏథెన్స్ నుంచి నాక్సోస్ దీవికీ, అక్కణ్ణుంచి శాంటోరిని దీవికీ వెళ్లడానికి హైస్పీడ్ మంచిదా, మామూలు ఫెర్రీయా? శాంటోరిని నుంచి తిరిగొచ్చిన రోజే ఇండియా ఫ్లైట్ ఎక్కవచ్చా?

ముందు రెండోది. ఎక్కే ప్లాన్ పెట్టుకోకండి. జులై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్తెమి గాలి వీస్తుంది. మబ్బు తునక ఉండదు, ఎండ ఫెళ్లున కాస్తుంటుంది, అయినా గాలి బలం బోఫోర్ట్ (గాలి జోరు కొలిచే స్కేలు) మీద 7, 8కి చేరుతుంది. ఒకసారి మొదలైతే రోజుల తరబడి తగ్గకపోవచ్చు. గాలి ముదిరితే కోస్ట్ గార్డ్ ఓడల్ని రేవు దాటనివ్వదు. ముందుగా ఆగిపోయేవి చిన్న ఓడలు, హైస్పీడ్ క్యాటమరాన్లు (జంట అడుగుల తేలిక ఓడలు). పెద్ద ఓడలు ఇంకాస్త గాలికి తట్టుకుని నడుస్తాయి గానీ వేళకి రావు. వీటికి తోడు అప్పుడప్పుడూ నావికుల 24 గంటల సమ్మెలు. ఫ్లైట్‌కి ముందు రాత్రి ఏథెన్స్‌లో ఉండటమే క్షేమం. ఓడ రద్దయితే దాని డబ్బు తిరిగొస్తుంది, తప్పిపోయిన ఫ్లైట్ డబ్బు రాదు.

ఇక ఓడ సంగతి. అమ్మానాన్నలు ఉన్నారు కాబట్టి నేను బ్లూ స్టార్ కంపెనీ ఓడల్లాంటి పెద్ద మామూలు ఫెర్రీనే చెప్తాను. ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి దారిలో వచ్చే పారోస్ దీవికి 4 గంటలు, నాక్సోస్‌కి 5 గంటల పైచిలుకు, శాంటోరినికి ఏడున్నర, ఎనిమిది గంటలు పడుతుంది. హైస్పీడ్‌లో శాంటోరినికి దాదాపు 5 గంటలే, కానీ టికెట్ బాగా ఎక్కువ. క్యాటమరాన్ తేలిక ఓడ, అల మీద ఎగిరి పడుతుంది. చాలావాటిలో బయట నిలబడే డెక్ ఉండదు. కడుపులో తిప్పేవాళ్లకి లోపలే కూర్చోవడం నరకం. పెద్ద ఓడలో లేచి తిరగొచ్చు, గాలి తగిలే చోట కూర్చోవచ్చు. వికారం వచ్చే అలవాటుంటే ఓడ మధ్యలో, కింది అంతస్తులో కూర్చోండి. ఊపు అక్కడే తక్కువ. అవోమిన్ లాంటి మాత్ర వేసుకునేటట్టయితే బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి, వికారం మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయదు. మత్తు వస్తుంది కాబట్టి పెద్దవాళ్లకి డాక్టర్ని అడిగే ఇవ్వండి.

ఎకానమీ టికెట్‌కి సీటు నంబరు ఉండదు. ఎవరు ముందొస్తే వాళ్లది. జులైలో సోఫాలన్నీ మొదటి పావుగంటలోనే నిండిపోతాయి. కొద్ది యూరోలు ఎక్కువ పెట్టి నంబరున్న సీటు తీసుకోండి. ఆ హాల్లో ఏసీ బాగా చల్లగా ఉంటుంది, శాలువా దగ్గరే ఉంచుకోండి.

టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు ఇంకో గడిలో ఉంటాయి కదా, అదే వరసలో నింపండి. ఇనిషియల్స్‌తో సరిపెట్టకండి. ప్రయాణానికి ముందు ఆన్‌లైన్ చెక్-ఇన్ చేస్తే క్యూఆర్ కోడ్ వస్తుంది, అది ఫోన్‌లో చాలు. కొన్ని చిన్న కంపెనీలు మాత్రం రేవు దగ్గర కాగితం టికెట్ తీసుకోమంటాయి, బుకింగ్ ఈమెయిల్ చివరిదాకా చదవండి.

పిరేయస్ చాలా పెద్ద రేవు. ఈ-1 (E1) నుంచి ఈ-12 (E12) దాకా గేట్లుంటాయి. నాక్సోస్, శాంటోరిని ఓడలు ఎక్కువగా మెట్రో స్టేషన్ ఎదురుగా ఉన్న ఈ-6, ఈ-7 వైపు నుంచి బయల్దేరతాయి, అయినా టికెట్ మీద గేటు చూసుకోండి. ఈ-1, ఈ-2 వైపు అయితే లగేజీతో చాలా దూరం, రేవు లోపల తిరిగే ఉచిత బస్సు ఎక్కండి. ఎయిర్‌పోర్ట్ నుంచి 3వ లైను మెట్రో 2022 నుంచి నేరుగా పిరేయస్‌కి వస్తుంది, సుమారు గంట. రాత్రంతా నడిచేది ఎక్స్-96 బస్సు. గంట ముందు రేవులో ఉండండి. ఓడ ఎవరి కోసమూ ఆగదు.

ఎక్కడం ఓడ వెనక ర్యాంప్ మీంచి. లారీలు, కార్లు కూడా అక్కణ్ణుంచే ఎక్కుతాయి, పక్కన ఉండి నడవండి. లోపలికి వెళ్లగానే గ్యారేజీ గోడ పక్కన లగేజీ అరలుంటాయి, ఒక్కో అర మీద ఒక్కో దీవి పేరు. మీ పెట్టె నాక్సోస్ అరలోనే పెట్టండి. పారోస్ అరలో పెడితే ముందు దిగేవాళ్ల తోపులాటలో మీ పెట్టె ఎటు పోయిందో వెతుక్కోవాలి. ఓడ కదిలాక గ్యారేజీ తలుపు మూసేస్తారు, మందులు, పాస్‌పోర్ట్, నీళ్లు పైకి తీసుకెళ్లండి. తినడానికి పాలకూర కూరిన స్పనకోపిత, చీజ్‌తో తిరోపిత దొరుకుతాయి, మాంసం తిననివాళ్లకి ఇబ్బంది లేదు.

దిగేటప్పుడే అసలు హడావిడి. రేవు రాబోతుండగా మైకులో చెప్తారు, అప్పుడే కిందికి దిగాలి. ఓడ నిమిషాల మీద మళ్లీ బయల్దేరుతుంది. పారోస్ ముందొస్తుంది. గ్యారేజీలో నిలబడితే బయట ఏమీ కనిపించదు, అందుకని మైకులో పేరు జాగ్రత్తగా వినండి. ర్యాంప్ పూర్తిగా ఆని సిబ్బంది చెయ్యి ఊపాకే అమ్మానాన్నల్ని నడిపించండి.

శాంటోరిని పేరు బోర్డుల మీద, టికెట్ల మీద ‘తీరా’ (Thira) అని ఉంటుంది, కంగారుపడకండి. ఓడ ఆగేది అథినియోస్ రేవులో. ఫీరా ఊరి కింద కేబుల్ కారు, 588 మెట్లు ఉన్న పాత రేవు క్రూయిజ్ వాళ్లది, ఇది కాదు. అథినియోస్ నుంచి కొండ మీదికి మెలికల రోడ్డు. ఓడ వేళకి ఫీరా బస్సులుంటాయి గానీ కిక్కిరిసి ఉంటాయి, టాక్సీలు తక్కువ. హోటల్ వాళ్లతో ముందే కారు మాట్లాడుకోండి.

ఓడ రద్దయినా, బయల్దేరడం గంటన్నర మించి ఆలస్యమైనా, యూరోపియన్ యూనియన్ నియమం 1177/2010 ప్రకారం డబ్బు వాపసు గానీ, వేరే ఓడ గానీ కోరుకోవచ్చు. వాతావరణం వల్ల రద్దయినా ఈ హక్కు ఉంటుంది, నష్టపరిహారం మాత్రం రాదు.

తిరుగు ప్రయాణంలో శాంటోరిని నుంచి పెద్ద ఓడ సాధారణంగా మధ్యాహ్నం బయల్దేరి అర్ధరాత్రి దగ్గర్లో పిరేయస్ చేరుతుంది. ఆ వేళకి మెట్రో దాదాపు ఆఖరు. ఆ రాత్రికి రేవు దగ్గర్లోనే గది తీసుకోండి.