ర్యాప్‌లో సాక్ష్యం చెబితే సంఘం వింటుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఇంటర్ చదివే మీ అబ్బాయి రోజంతా ఇంగ్లీష్ క్రిస్టియన్ ర్యాప్, అంటే దరువు మీద ప్రాసలతో వేగంగా మాటల్లా చెప్పే పాటలు, వింటున్నాడు. అది లోకసంబంధమైన సంగీతం, ఇంట్లోకి రానివ్వొద్దని మీ సంఘ పెద్దలు అంటున్నారు. ఆ ర్యాప్ ఒక భాగమైన హిప్‌హాప్ సంస్కృతికీ చర్చికీ అసలు పొసగుతుందా అని అడిగారు.

పొసగుతుంది. అయితే తేలిగ్గా పొసగలేదు. అమెరికాలో కూడా దీని మీద దాదాపు నలభై ఏళ్లుగా గొడవ నడుస్తూనే ఉంది. నేను కళ్లారా చూసింది, తర్వాత చదివి తెలుసుకున్నది రెండూ చెప్తాను.

మాది ఒంగోలు దగ్గర పల్లె. నాలుగు తరాలుగా బాప్టిస్టులం. నాన్న సంఘంలో హార్మోనియం వాయించేవారు. ఇంట్లో సినిమా పాట వస్తే రేడియో కట్టేసేవారు. అలాంటి ఇంట్లో పెరిగి 2006లో ఎమ్మెస్ చదవడానికి ఫిలడెల్ఫియా వెళ్లాను. కారు లేదు. నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నది ఒక నల్లజాతి వాళ్ల చర్చి. బోర్డు మీద బాప్టిస్టు అని ఉంటే మనవాళ్లే అనుకుని వెళ్లాను. ఆదివారం ఆరాధన నాకు కొత్తగా అనిపించలేదు. పాస్టర్ గారు ఒక మాట అంటే జనం ఆమెన్ అని అందుకోవడం, ఆయన గొంతు మెల్లమెల్లగా రాగంలోకి ఎక్కడం, ఆ రాగానికి వెనక ఆర్గన్ జవాబివ్వడం... మన సువార్త కూటాల్లో విన్నదే కదా అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం బేస్‌మెంట్‌లో యవ్వనస్థుల కూడిక ఉండేది. మడత కుర్చీలు, ప్లాస్టిక్ కప్పుల్లో జ్యూస్, ఒక మూల పాత పియానో. ఒకరోజు పదిహేడేళ్ల అబ్బాయి ఒకడు లేచి, నాలుగు మడతలు పెట్టిన నోట్‌బుక్ కాగితం జేబులోంచి తీశాడు. పక్కవాడు అరచేత్తో, వేళ్ల కణుపులతో బల్ల మీద దరువు మొదలుపెట్టాడు. ఆ అబ్బాయి ర్యాప్ జైల్లో ఉన్న వాళ్ల అన్న గురించి. చూడ్డానికి వెళ్తే మధ్యలో అద్దం ఉంటుందట, అమ్మ ఆ అద్దానికి చెయ్యి ఆనిస్తుందట, వచ్చేటప్పుడు ఆ చేతి మరక అద్దం మీద అలాగే ఉండిపోతుందట. దేవుణ్ణి ఒకటే అడిగాడు: ఆ అద్దానికి నువ్వు ఏ పక్కన ఉన్నావు?

నాకు ఒళ్లు జలదరించింది. ఇలాంటి మాట చర్చిలో అనొచ్చా అని భయం కూడా వేసింది. ముందు వరుసలో తెల్ల బట్టల్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. అక్కడ అలాంటి పెద్దావిడలను మదర్ అని గౌరవంగా పిలుస్తారు. ఎనభై ఏళ్లు ఉంటాయి. ఇప్పుడు తిడుతుంది అనుకున్నాను. ఆవిడ, “బాబూ, ఆ అద్దం దగ్గరి మాట మళ్లీ చెప్పు, మెల్లగా” అంది. వాడు దరువు లేకుండా మళ్లీ చెప్పాడు. ఆవిడ లేచి వెళ్లి వాడి తల మీద చెయ్యి పెట్టి, జైల్లో ఉన్న ఆ అన్న కోసం పేరు పెట్టి ప్రార్థన చేసింది.

ర్యాప్ అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. మనం చర్చిలో సాక్ష్యం అంటామే, అదే. తేడా ఒక్కటే. మన సాక్ష్యాల్లో కష్టం తీరిపోయాక వచ్చి చెప్తాం. ఉద్యోగం వచ్చింది, జబ్బు నయమైంది, దేవునికి స్తోత్రం అంటాం. ర్యాప్‌లో కష్టం నడుమ నిలబడి చెప్తారు. ఈ తేడా పట్టుకుంటే చర్చికీ హిప్‌హాప్‌కూ మధ్య జరిగిన కథంతా అర్థమవుతుందని నా నమ్మకం.

హిప్‌హాప్ పుట్టిన రోజుగా చెప్పుకునేది 1973 ఆగస్టు 11. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్‌లో, చెల్లెలి పార్టీకి డీజే కూల్ హెర్క్ రికార్డులు వేశాడు. అక్కడి నుంచి డీజే, ర్యాప్, బ్రేక్ డ్యాన్స్, గోడల మీద గ్రాఫిటీ అన్నీ కలిసి ఒక సంస్కృతి అయ్యాయి. అది చర్చిలో పుట్టలేదు, నిజమే. కానీ నల్లజాతి వాళ్ల చర్చిలో పాస్టర్ గొంతు ఎక్కించి లయలో చెప్పడం, జనం అందుకోవడం తెలిసినవాళ్లకు ర్యాపర్ మైకు పట్టుకునే తీరు పరాయిగా అనిపించదు. చర్చి ఒక కొత్త సంగీతాన్ని చూసి ఉలిక్కిపడటం కూడా అదే మొదటిసారి కాదు. 1930ల్లో షికాగోలో థామస్ డోర్సీ బ్లూస్ అనే నల్లజాతి వాళ్ల లౌకిక పాటల బాణీని దేవుని పాటల్లోకి తెస్తే చాలా చర్చిలు క్లబ్బు సంగీతమని తలుపులు వేశాయి. ఈరోజు గాస్పెల్ అనగానే మనకు గుర్తొచ్చే పాటకు ఆయనే తండ్రి అంటారు.

అసలు గొడవ ఎంత దూరం వెళ్లిందో చూడాలంటే 1993 జూన్‌లో హార్లెమ్ చూడాలి. అబిసీనియన్ బాప్టిస్టు చర్చి పాస్టర్ కాల్విన్ బట్స్, ర్యాప్ క్యాసెట్లు, సీడీలు రోడ్డు మీద పోసి రోడ్డు రోలర్‌తో తొక్కిస్తానని ప్రకటించారు. ర్యాప్ పక్షాన కొందరు వచ్చి రోలర్‌కు అడ్డం నిలబడ్డారు. చివరకు ఆ పెట్టెలను మాన్‌హాటన్‌లో సోనీ ఆఫీసుకు తీసుకెళ్లి దాని ముందు పారబోశారు. ఇక్కడ ఆయనకు అన్యాయం చేయకూడదు. ర్యాప్ మొత్తాన్నీ వద్దనలేదు ఆయన. ఆడవాళ్లను బూతులతో కించపరిచే పాటల మీద, వాటితో డబ్బు చేసుకునే కంపెనీల మీద ఆయన కోపం. నాకూ ఒక కూతురు ఉంది, ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ రోలర్ కింద పడేవాటిలో మంచిదీ చెడ్డదీ ఎవరు వేరు చేస్తారు? అడ్డం నిలబడ్డవాళ్లకు కనిపించింది తమ గొంతు మీదకు వస్తున్న బండి.

పదకొండేళ్ల తర్వాత, 2004లో, అదే హార్లెమ్‌లో గ్రేటర్ హుడ్ మెమోరియల్ అనే మెథడిస్టు చర్చిలో హిప్‌హాప్ ఆరాధన మొదలైంది. మొదలుపెట్టినవాళ్లలో ఒకడు కర్టిస్ బ్లో. పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం చేసుకున్న తొలి ర్యాపర్ ఆయనే. తర్వాత దైవసేవకుడయ్యాడు. అదే ఏడాది బ్రాంక్స్‌లో ఒక ఎపిస్కోపల్ చర్చి కూడా, హిప్‌హాప్ పుట్టిన నేల మీదే, హిప్‌హాప్ ఆరాధన జరిపింది.

క్రిస్టియన్ ర్యాప్ మాత్రం అంతకు చాలా ముందే ఉంది. 1985లో ఓక్లహామాకు చెందిన స్టీఫెన్ వైలీ బైబిల్ పుస్తకాల పేర్లు వరసగా చెప్పే ర్యాప్ చేశాడు. పిల్లలకు కంఠస్థం చేయించడానికి బాగుంటుంది, అంతవరకే. నేనున్న ఫిలడెల్ఫియాలో క్రాస్ మూవ్‌మెంట్ అనే బృందం 90ల్లో చేసింది వేరు. అప్పట్లో న్యూయార్క్ ర్యాపర్ల మాటల్లో నేషన్ ఆఫ్ ఇస్లాం, దాని నుంచి విడిపోయిన ఫైవ్ పర్సెంటర్లు అనే నల్లజాతి మత ఉద్యమాల బోధ గట్టిగా వినిపించేది. వీళ్లు దానికి దీటుగా సిలువ, త్రిత్వం, పాపక్షమాపణ అన్నీ వీధి భాషలో పెట్టారు. అదే ఊరి షై లిన్ 2008లో క్రీస్తు ప్రాయశ్చిత్తం మీదే ఒక ఆల్బమ్ మొత్తం చేశాడు. మా రూమ్మేట్ కారులో అది విని, ఇంటికొచ్చి రోమా పత్రిక తెరిచి చూసుకున్న రోజులున్నాయి. వాక్యం లేదు అనేవాళ్లు ఒక్కసారి ఆ మాటలు చదివితే చాలు.

ఇక లెక్రే అనే ర్యాపర్. మీ అబ్బాయి వినేవాళ్లలో ఈయన కచ్చితంగా ఉంటాడు. నేనిప్పుడుండే డల్లాస్ పక్కన డెంటన్‌లో చదువుకున్నాడు, బాల నేరస్థుల కేంద్రంలో పిల్లలకు ర్యాప్ వినిపించేవాడు. 2004లో మిత్రుడితో కలిసి రీచ్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ పెట్టాడు. వాళ్ల బృందం పేరులో 116 అనే అంకె రోమా 1:16 నుంచి వచ్చింది, సువార్తను గూర్చి సిగ్గుపడువాడను కాను అన్న వాక్యం. 2013లో ఉత్తమ గాస్పెల్ ఆల్బమ్‌గా గ్రామీ అవార్డు గెలిచాడు. 2014లో ఆయన ఆల్బమ్ అమెరికా మొత్తం మీద బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. తెల్లవాళ్ల పెద్ద పెద్ద చర్చిలు పిలిచి నెత్తిన పెట్టుకున్నాయి. అంటే బీట్ గొడవ తీరిపోయినట్టే కదా?

తీరలేదు. 2016 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం రోజు, పత్తి చేలో నిలబడిన బానిసల ఫొటో పెట్టి, 1776లో ఇదే రోజు నా కుటుంబం ఇది అని లెక్రే ట్విట్టర్‌లో రాశాడు. అప్పటిదాకా చప్పట్లు కొట్టినవాళ్లలో చాలామంది విరుచుకుపడ్డారు. సువార్త చెప్పు, ఇవన్నీ నీకెందుకు అన్నారు. తర్వాతి ఏడాది ఆయన ఆ తెల్ల ఇవాంజెలికల్ (సువార్తకు పెద్దపీట వేసే) సంఘాల లోకం నుంచి తాను దూరం జరిగానని బాహాటంగానే చెప్పాడు. బీట్‌ను ఒప్పుకున్నవాళ్లకు కూడా మనిషి గాయం మింగుడుపడలేదు. నేను దీన్ని చాలా బాధతో గమనించాను, ఎందుకంటే ఇదే పని తర్వాత మా సంఘమూ చేసింది. నేనూ అందులో ఉన్నాను.

2022 డిసెంబరు. డల్లాస్ చుట్టుపక్కల ఒక తెలుగు సంఘం, క్రిస్మస్ కార్యక్రమం కమిటీలో నేనూ ఒకణ్ణి. తొమ్మిదో క్లాసు చదివే ఒక అబ్బాయి సాక్ష్యం ర్యాప్‌లో చెప్తానని రాసుకొచ్చాడు. ఆ నెలల్లో ఐటీ కంపెనీలు వరసబెట్టి మనుషుల్ని తీసేస్తున్నాయి. వాళ్ల నాన్న ఉద్యోగం పోయింది. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకు కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజులే గడువు. అబ్బాయి రాసింది అదే: నాన్న పొద్దున్నే షర్టు ఇస్త్రీ చేసుకుని గ్యారేజీలో కారులో కూర్చుంటాడు, కారు కదలదు. నానమ్మ ఫోన్ చేసి తిన్నావా నాన్నా అంటుంది, ఆవిడకు ఎవరం ఏమీ చెప్పలేదు. ఇంగ్లీష్ మధ్యలో ఆ “తిన్నావా నాన్నా” ఒక్కటే తెలుగు.

బీట్ ఎక్కువైంది, ఆరాధనకు తగదు అన్నారు పెద్దలు. బీట్ లేకుండా చెప్తానన్నాడు వాడు. అప్పుడు అసలు మాట బయటపడింది: “సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పాలి బాబూ. ఇందులో మేలు ఎక్కడుంది? ఉద్యోగం వచ్చాక చెబుదువుగాని.” నేను నోరు తెరవలేదు. నాకు ఫిలడెల్ఫియా పెద్దావిడ గుర్తొచ్చి కూడా తెరవలేదు. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. క్రిస్మస్ రోజు వెనక వరుసలో కూర్చున్నాడు. తర్వాత ఒకరోజు వాణ్ణి ఇంటి దగ్గర దింపుతూ క్షమించమని అడిగి, కారు ఆపి మొత్తం చదివించుకున్నాను. ఫిబ్రవరిలో ఆ కుటుంబం హైదరాబాద్ వెళ్లిపోయింది.

అయినా మీ పెద్దల మీద కోపం తెచ్చుకోకండి. వాళ్ల భయానికి వేరే మూలం కూడా ఉంది, అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. మా వైపు 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తరం మాదిగ కుటుంబాలు గ్రామదేవత కొలుపుల్లో ఇక డప్పు కొట్టం అన్నాయి, దానికి ఊరి పెద్దల చేతిలో బాధలూ పడ్డాయి. దరువు వదులుకోవడం వాళ్లకు విడుదల. ఆ జ్ఞాపకం మన సంఘాల రక్తంలో ఉంది. అదే సమయంలో తొలితరం తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మన రాగతాళాల్లోనే కదా పాడుకుంటున్నాం. వదిలేసిన డప్పు కూడా ఇప్పుడు మన క్రిస్మస్ పాటల్లోకి తిరిగొచ్చింది. పెద్దలతో మాట్లాడేటప్పుడు ఈ చరిత్ర నుంచే మొదలుపెట్టండి, అమెరికా నుంచి కాదు. 88వ కీర్తన చివరి వచనం కూడా వాళ్లతో చదివించండి. అది చీకటి దగ్గరే ఆగిపోతుంది, ఉద్యోగం వచ్చాక రాసింది కాదు. అయినా బైబిల్లో ఉంది.

అబ్బాయి విషయంలో నేను చేసేదైతే ఇది. ఫోన్ లాక్కోను. క్రిస్టియన్ అని పేరున్నంత మాత్రాన ప్రతిదీ మంచిదని కూడా అనుకోను. డబ్బు కోసం, పేరు కోసం చేసేవాళ్లు ఇందులోనూ ఉన్నారు. వాడికి బాగా నచ్చిన ఒక్క పాట మాటలు ప్రింట్ తీయమంటాను. ఇంగ్లీష్ ర్యాప్ వేగం మనకు అందదు, కాగితం మీదైతే అందుతుంది. ఆ మాటలకు తెలుగులో అర్థం వాడితోనే చెప్పించుకుంటాను. ఇంకో సంగతి, పిల్లలు చర్చికి రావాలి కాబట్టి ర్యాప్ పెట్టండి అని పెద్దలను ఒప్పించకండి. గాలానికి ఎర కట్టినట్టు వాడితే పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది.

వాడు సొంతంగా ఏమైనా రాస్తున్నాడేమో అడిగి చూడండి. ఇంత వినేవాళ్లు సాధారణంగా రాస్తారు. రాస్తుంటే, సంఘం సంగతి తర్వాత చూసుకోవచ్చు, రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒకసారి చదవమనండి. చదివాక వెంటనే వాక్యం చెప్పకండి. ఏ మాట దగ్గర మీ మనసు ఆగిందో, ఆ మాట మళ్లీ ఒకసారి మెల్లగా చెప్పమనండి.