సోలార్ పెట్టినా అట్టపెట్టెల బిల్లు ఖర్చుగా ఒప్పుకోలేదంటే

సోలార్ పెట్టాక కూడా ఆడిటర్ అట్టపెట్టెల బిల్లును పన్ను లెక్కలో ఖర్చుగా ఎందుకు ఒప్పుకోలేదని అడిగారు. సమస్య మీ సోలార్ ప్యానెళ్లతో కాదు. అట్టపెట్టెలు చేసిచ్చే ఆయన బిల్లు మీరు 90 రోజులు ఆపారు, మార్చి 31 దాటిపోయింది. ఆయనది ఉద్యమ్‌లో (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉన్న చిన్న యూనిట్ అన్నారుగా. అలాంటివాళ్లకు గడువులోగా కట్టకపోతే, కట్టిన ఏడాదిలోనే అది ఖర్చు అవుతుంది. ఆడిటర్ అందుకే ఒప్పుకోలేదు.

1. ముందు బాకీ కట్టేయండి. కట్టిన ఏడాదిలో ఖర్చు చూపించుకోవచ్చు.

2. చాలామంది తప్పేది ఇక్కడే. బిల్లు కట్టడానికి 45 రోజుల గడువు రాతపూర్వక ఒప్పందం ఉంటేనే, అదీ గరిష్ఠంగా. నోటిమాట మీద నడిస్తే 15 రోజులే. సరుకు అందిన రోజే చలానా మీద తేదీ ముద్ర వేయించండి.

3. గడువు దాటితే 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఆయన అడగకపోయినా లెక్కకట్టి ఇవ్వండి. ఆర్డర్లు పోతాయనే భయంతో చిన్నవాళ్లు నోరు తెరవరు. శనివారం కూలీలకు ఇవ్వడానికి ఆయన ఎక్కడో వడ్డీకి తెచ్చే ఉంటారు.