బాపు ఉత్తరం, బాపు క్యాసెట్, తమ్ముడి వాయిస్ మెసేజ్: మా ఇంట్లో కబురు నడిచిన దారి

"టెక్నాలజీ మారేకొద్దీ సమాచార సాధనాలు ఎలా మారుతూ వచ్చాయి? మీ అనుభవంలో చూసింది ఏదైనా ఉంటే చెప్పండి" అని అడిగారు. ఉత్తరం, టెలిగ్రాం, టెలిఫోన్, సెల్‌ఫోన్, ఇంటర్నెట్ అనే వరుస మీకు ఎక్కడైనా దొరుకుతుంది. నేను ఆ వరుసను మా అమ్మ వైపు నుంచి చెప్తాను. మా అమ్మకు చదవడం రాదు. 1991 జనాభా లెక్కల్లో కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు దాటిన ఆడవాళ్లలో చదువొచ్చినవాళ్లు నూటికి 33 మంది లేరు. అంటే మా అమ్మ లాంటివాళ్లే ఎక్కువ. వాళ్ల విషయంలో ప్రతి కొత్త సాధనం దగ్గరా ఒకటే ప్రశ్న: చెప్పే మనిషికీ వినే మనిషికీ మధ్యలో ఇంకెవరు నిలబడాలి?

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. మా బాపు 1984లో సౌదీ పోయాడు, దమ్మాం దగ్గర మేస్త్రీ పని. మా ఊళ్లో సౌదీ అయినా మస్కట్ అయినా "దుబాయ్ పోయిండు" అనే అంటారు. బాపుకు సంతకం చేసేంత చదువే వచ్చు. ఆయన చెప్తుంటే రూమ్‌లో ఉండే కోరుట్ల అతను రాసేవాడు. ఇక్కడ చదివేది నేను, నాలుగో తరగతి పిల్లవాణ్ని. అంటే బాపు మాట అమ్మ చెవిన పడాలంటే రెండు నోళ్లు దాటి రావాలి.

అంచులకు ఎరుపు నీలం గీతలున్న కవరు వచ్చిన రోజు అమ్మ చేతిలో పని పక్కన పెట్టి, చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చునేది. నేను మొదలుపెట్టేవాణ్ని: "రాయునది ఏమనగా, నేను ఇక్కడ క్షేమం. మీరందరూ అక్కడ క్షేమమని తలుస్తాను..." తర్వాత పంపిన బ్యాంకు డ్రాఫ్టు సంగతి, ఎవరికెంత అప్పు కట్టాలో, బావి పూడిక తీయించారా లేదా. అయిపోగానే అమ్మ అడిగేది, "ఇంకేం రాయలేదా?" అని. ఏం రాస్తాడు? భార్యతో చెప్పుకునే మాట పక్క మంచం మనిషితో ఎలా రాయిస్తాడు, కొడుకుతో ఎలా చదివిస్తాడు?

ఒకసారి ఉత్తరం చివర విడిగా రెండు లైన్లు ఉన్నాయి. "బిడ్డా, ఈ కింది మాట మీ అవ్వకు సదవకు. పని కాడ పడి చెయ్యి విరిగింది. పట్టీ కట్టిన్రు. తాతకు ఒక్కనికే చెప్పు." నేను పైకి చదవడం ఆపేశాను. కానీ నోరు ఆగినా కళ్లు కిందికి పోతూనే ఉన్నాయి. అమ్మ నా ముఖమే చూస్తోంది. "ఏం దాస్తున్నవురా?" అంది. ఏం లేదన్నాను. ఆ అబద్ధాన్ని రెండు నెలలు మోశాను. అక్షరం రాకపోవడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. తన మొగుడి చెయ్యి విరిగిన సంగతి తన ఒళ్లో ఉన్న కాగితం మీదే ఉంది, అయినా ఆమెకు అందలేదు.

ఉత్తరాన్ని మామూలు మనిషికి అందుబాటులోకి తెచ్చింది ఏ యంత్రమూ కాదు, ఒక ధర పద్ధతి. అంతకుముందు బ్రిటన్‌లో దూరాన్ని బట్టి ధర ఉండేది, అదీ ఎక్కువగా ఉత్తరం అందుకున్నవాళ్లే కట్టేవారు. రోలాండ్ హిల్ చెప్పిన మార్పులతో 1840లో పెన్నీ బ్లాక్ స్టాంపు వచ్చింది. దూరంతో పనిలేకుండా బరువు చూసి, పంపేవాళ్లే ముందుగా కట్టడం మొదలైంది. మన దేశంలో కంపెనీ పాలనలో ఉన్న ప్రాంతాలకు అదే పద్ధతి 1854లో వచ్చింది. మా వైపు అప్పుడు నిజాం రాజ్యం కాబట్టి 1869 నుంచి నిజాం సొంత స్టాంపులే నడిచాయి. స్టాంపు చవకైంది, పోస్టాఫీసు దగ్గరైంది. కానీ మా అమ్మ దాకా వచ్చేసరికి ఉత్తరానికి నేను కావాల్సి వచ్చింది.

టెలిగ్రాం గురించి చాలామంది ముచ్చటగా చెప్తారు. నాకైతే దాని మీద ప్రేమ లేదు. టెలిగ్రాం వచ్చిందంటే చదవకముందే ఏడుపు మొదలయ్యేది. మాట లెక్కన డబ్బులు కాబట్టి మనుషులు అందులో చావు, సీరియస్, వెంటనే రా లాంటివి తప్ప వేరే పంపేవారు కాదు. 1844లో శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు తీగ మీద సందేశం పంపాడు. ఆరేళ్లకే, 1850లో, కలకత్తా నుంచి డైమండ్ హార్బర్‌కు మన దేశంలో మొదటి ప్రయోగపు లైను పడింది. ఓ'షానెస్సీ అనే డాక్టర్ వేయించాడు. 1864లో ఇండియాను యూరప్‌తో కలపడానికి వేసిన కేబులు గల్ఫ్ సముద్రం అడుగు నుంచే పోయింది. దాని కోసం కట్టిన స్టేషన్ ఒకటి ఇప్పటి ఒమన్ దగ్గర ఒక చిన్న దీవి మీద ఉండేది. ఆ దీవిని ఇప్పటికీ టెలిగ్రాఫ్ ఐలాండ్ అంటారు. మావాళ్లు గల్ఫ్‌కు వలస పోవడానికి వందేళ్ల ముందే కబురు ఆ దారిలో నడిచిందన్నమాట. మన దేశంలో టెలిగ్రాం 2013 జులై 14 రాత్రితో ఆగిపోయింది.

1989లో మా తాత చనిపోయాడు. పోస్టాఫీసులో మా చిన్నాన్న చెప్తే అక్కడి ఆయన ఇంగ్లీషులో రాశాడు: ఫాదర్ ఎక్స్‌పైర్డ్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ. నాలుగు మాటలు. తాత ఎలా పోయాడో, చివరికి ఎవరిని అడిగాడో అందులో పట్టలేదు. టెలిగ్రాం త్వరగానే చేరిందట. కానీ అక్కడి కంపెనీ ఆఫీసులో టేబుల్ మీద పడి ఉండి, బాపు చేతికి వచ్చింది ఐదో రోజు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది, సెలవు ఇవ్వలేదు. తీగ మీద క్షణాల్లో పోయిన కబురు మనిషి దగ్గర ఐదు రోజులు ఆగింది. ఆ బాధ బాపుకు చివరిదాకా పోలేదు.

నెల తర్వాత పక్క ఊరి అతను సెలవు మీద వస్తూ ఒక క్యాసెట్ తెచ్చి ఇచ్చాడు. అంతకు రెండేళ్ల ముందు బాపు వచ్చినప్పుడు తెచ్చిన టేప్‌రికార్డర్ ఇంట్లో ఉంది. దాన్ని వాకిట్లో పీట మీద పెట్టి అందరం చుట్టూ కూర్చున్నాం. బటన్ నొక్కితే చాలాసేపు మాట లేదు. ఏసీ హోరు, దూరంగా ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. ఆ తర్వాత బాపు గొంతు: "అవ్వా..." మళ్లీ హోరు. "నాయినను సక్కగ సాగనంపిన్రా?" మా నాయనమ్మ స్పీకర్ జాలీ మీద చెయ్యి పెట్టి, "సాగనంపినం బిడ్డా, ఏం రంది పెట్టుకోకు" అని జవాబు చెప్పింది. అది టేపు అని, తన మాట ఆయనకు వినపడదని ఎవరూ అనలేదు.

ఆ వైపు అయిపోయే ముందు బాపు అన్నాడు, "రెండో దిక్కున్నది మా పిల్లగాని అవ్వకు ఒక్కదానికే. మీరు లేవుండ్రి." అందరం లేచాం. అమ్మ టేప్‌రికార్డర్ లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది. ఆ ముప్పై నిమిషాల్లో ఏముందో నాకు ఈ రోజుకీ తెలియదు. బాపు ఊరు విడిచిన ఐదేళ్ల తర్వాత, మధ్యలో ఎవరూ లేకుండా అక్కడి నుంచి ఆయన మాట ఆమెకు చేరడం అదే మొదలు.

జవాబు కూడా ఆమే చెప్పింది. నేను చేసింది ఒక్కటే, బటన్లు చూపించడం: "ఎర్ర బొట్టున్నదొకటి, దాని పక్కదొకటి, రెండూ ఒక్కసారే ఒత్తాలె." ఆ తర్వాత నాకు ఆ ఇంట్లో ఉత్తరాల పని తగ్గిపోయింది.

ఫిలిప్స్ కంపెనీ 1963లో ఈ చిన్న క్యాసెట్ తెచ్చింది. లోకమంతా దాన్ని పాటల కోసమే గుర్తుపెట్టుకుంది. కానీ ఎడిసన్ 1877లో గొంతును పట్టి మళ్లీ వినిపించే ఫోనోగ్రాఫ్ కనిపెట్టి, మరుసటి ఏడాది దాని ఉపయోగాలు వరుసగా రాసినప్పుడు, మొట్టమొదట పెట్టింది రాసేవాడి సాయం లేకుండా ఉత్తరం చెప్పుకోవడం. సంగీతం ఆ తర్వాతే. ఈ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఎడిసన్ అనుకున్న మొదటి పనిని నూరేళ్లు దాటాక దమ్మాం క్యాంపులో మేస్త్రీ పని చేసే మా బాపు, జగిత్యాల పల్లెలో మా అమ్మ చేసి చూపించారు. గల్ఫ్‌కు పోయిన ఎన్నో కుటుంబాలు ఇలాగే క్యాసెట్లు పంపుకున్నాయి. సమాచార సాధనాల చరిత్ర చెప్పేటప్పుడు ఈ క్యాసెట్ ఉత్తరాల పేరు ఎవరూ ఎత్తకపోవడం అన్యాయం అనిపిస్తుంది.

టెలిఫోన్ వచ్చాక ఇంకా బాగుపడి ఉండాలి కదా? మా అమ్మకు మాత్రం అది వెనకడుగు. గ్రాహంబెల్ 1876లోనే ఫోన్ చేశాడు. మన దేశంలో ఆపరేటర్ లేకుండా నేరుగా ఊరు దాటి ఫోన్ చేసే ఎస్టీడీ 1960లో లక్నో కాన్పూర్ మధ్య మొదలైంది. పల్లెలకు ఫోన్ రావడానికి మాత్రం 1984లో ప్రభుత్వం పెట్టిన సీ-డాట్ సంస్థ చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు తయారుచేసేదాకా ఆగాల్సి వచ్చింది. అవి ఏసీ గది లేకుండా మన ఎండకూ దుమ్ముకూ తట్టుకుని పనిచేసేవి. మా ఊళ్లో షావుకారి ఇంట్లో మొదటి ఫోన్ పడింది. బాపు దగ్గర ఆ నంబర్ ఉండేది, పీపీ అని రాసి, అంటే వేరేవాళ్ల ఇంటికి చేసి మనిషిని పిలిపించుకునే నంబర్. ఆయన ఫోన్ చేసి "పది నిమిషాలకు మల్ల చేస్త, పిలువుండ్రి" అంటే షావుకారి పాలేరు మా ఇంటికి ఉరికొచ్చేవాడు.

అమ్మ కొంగు సర్దుకుంటూ పోయేది. ఫోన్ వాళ్ల హాల్లో ఉంటుంది. షావుకారి భార్య, కోడలు, పిల్లలు అక్కడే. అమ్మ నిలబడే మాట్లాడేది. "ఆ... ఆ... మంచిగున్నం... ఆ... పైలం." అంతే. ఆయన గొంతు చెవిలోనే ఉంది, అయినా ఒక్క మాట మనసులోది అనలేకపోయింది. ఉత్తరానికి మధ్యలో ఇద్దరైతే, ఫోన్‌కు హాలు నిండా మనుషులు. మండలంలో పసుపు బోర్డు ఎస్టీడీ బూత్ పెట్టాక అద్దాల తలుపు మాత్రం దొరికింది. కానీ అక్కడ కళ్ల ముందే బిల్లు మీటరు ఎర్ర అంకెలు తిరుగుతుంటే ఆమెకు టెన్షన్. ఇంటికొచ్చాక గుర్తొచ్చేవి చెప్పాల్సినవి. అందుకే ఫోన్ వచ్చాక కూడా చాలా ఏళ్లు మా ఇంట్లో క్యాసెట్లు ఆగలేదు.

సెల్‌ఫోన్ సంగతి త్వరగా చెప్తాను. 1995 జులై 31న కలకత్తాలో అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు నుంచి ఢిల్లీలో కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కు మన దేశంలో మొదటి సెల్ కాల్ పోయింది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాకే మాలాంటి ఇళ్లకు అది చేరింది. మెసేజ్ అనేది మాత్రం అమ్మను మళ్లీ ఉత్తరాల రోజులకు తీసుకుపోయింది. 160 అక్షరాలు, అవీ ఇంగ్లీషు లిపిలో తెలుగు. ఫోన్ టింగుమంటే ఎవరినో వెతుక్కుంటూ పోయేది. కంప్యూటర్లు, ఫోన్లు అన్ని లిపులనూ గుర్తుపట్టడానికి పెట్టుకున్న యూనికోడ్ పద్ధతిలో తెలుగు లిపికి 1991లోనే చోటు దొరికినా, మామూలు ఫోన్లలో తెలుగు సరిగ్గా కనిపించడానికి చాలా ఏళ్లు పట్టింది. కనిపించినా ఆమెకు ఒరిగేదేమీ లేదు.

వాట్సాప్‌లో 2013లో వాయిస్ మెసేజ్ వచ్చింది. 2016లో జియోతో డేటా చవకైంది. అప్పటికి బాపు లేడు, 2011లో పోయాడు. తమ్ముడు ఖతార్‌లో ఉన్నాడు. అమ్మకు ఫోన్ కొనిచ్చి మైకు గుర్తు చూపించి, దాన్ని ఒత్తి పట్టుకుని మాట్లాడమన్నాను. ఒక్కసారికే వచ్చేసింది. ఈ పని తను ఎప్పుడో చేసిందే కదా. వీడియో కాల్ కన్నా ఇదే ఇష్టం ఆమెకు. ఎదురుగా ముఖం ఉంటే మాట్లాడలేనంటుంది. తమ్ముడికి పంపే ప్రతి మెసేజ్ ఇలాగే మొదలవుతుంది: "రాయునది ఏమనగా బిడ్డా, నేను ఇక్కడ క్షేమం..." నా చిన్నప్పుడు ఆమె నా నోట విన్న వాక్యం అది.

ఆ రోజుల్లో కొత్త క్యాసెట్ కొనడం ఎందుకని బాపు పంపినదాని మీదే మా జవాబు రికార్డు చేసి పంపేవాళ్లం. ఆయన మళ్లీ దాని మీదే చెప్పేవాడు. అలా బాపు గొంతును మా గొంతులతో మేమే చెరిపేసుకున్నాం. ఇది తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. తాత పోయినప్పటి ఆ ఒక్క క్యాసెట్ మిగిలింది. ఎందుకంటే పంపే ముందు బాపు దాని వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేశాడు. అవి లేకపోతే రికార్డు బటన్ కిందికి దిగదు.

పోయిన ఏడాది దాన్ని వైరు పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మొదటి వైపు అందరం విన్నాం. నాయనమ్మ లేదు ఇప్పుడు, "సాగనంపిన్రా" అన్న చోట అమ్మే తలూపింది. రెండో వైపు ఎక్కించేటప్పుడు సౌండ్ పూర్తిగా ఆపేసి, అరగంట సేపు స్క్రీన్ మీద గీతలు లేచి పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. అయ్యాక ఆ ఫైలు అమ్మ ఫోన్‌లో వేసి, ఎక్కడ నొక్కాలో చూపించాను. ఆమె ఫోన్ తీసుకుని లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.