కవచం అనే మాట దగ్గర ఆగు

అమ్మా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ముగింపు కుదరలేదేమోనని నీ అనుమానం. నాకు మొదటి పేరాలోనే అడ్డం తగిలింది. ‘అమెరికా తన దేశమంతటికీ క్షిపణి రక్షణ కవచం కట్టుకుంటోంది’ అని మొదలుపెట్టావు. పత్రికలు అలాగే రాస్తాయి, నేనూ ఏళ్ల తరబడి అలాగే రాశాను. కానీ కవచం అనగానే తెలుగు పాఠకుడికి కర్ణుడు గుర్తొస్తాడు. ఒంటితో పుట్టిన కవచం అది. ఇంద్రుడంతటివాడు వచ్చి అడిగి పుచ్చుకోవాల్సిందే తప్ప బాణంతో ఛేదించలేడు. అది పనిచేస్తుందా అన్న ప్రశ్నే అక్కడ రాదు. మీదికొచ్చే క్షిపణులను దారిలోనే అడ్డుకునే ఈ వ్యవస్థ విషయంలో అమెరికా కాంగ్రెస్‌లో యాభై ఏళ్లకు పైగా తెగనిది ఆ ప్రశ్నే. నువ్వు ఒక్క మాటతో దాన్ని తీర్చేసి, తర్వాత నాలుగు పేజీలు చర్చించావు.

ఈ తగువులో మాటల బరువు ఎంతో ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్ సంగతి చూస్తే తెలుస్తుంది. 1986 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్ అక్కడ రెండు రోజులు కూర్చున్నారు. అణ్వస్త్రాలన్నీ తీసేద్దామన్నంత దూరం వచ్చారు. చివరికి ‘ప్రయోగశాల’ అన్న మాట దగ్గర ఆగిపోయారు. అమెరికా అంతరిక్షంలో పెట్టాలనుకున్న క్షిపణి రక్షణ పరీక్షలు పదేళ్లపాటు ప్రయోగశాల గోడలు దాటకూడదని గోర్బచేవ్ పట్టుబట్టాడు. రీగన్ ఒప్పుకోలేదు. ఇద్దరూ ఉత్త చేతులతో వెళ్లిపోయారు. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. ఒక పేరా ఇవ్వు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. 1991 ఫిబ్రవరిలో నేను ఒక దినపత్రిక డెస్క్‌లో ఉన్నాను. గల్ఫ్ యుద్ధం వార్తలు టెలిప్రింటర్ మీద గంట గంటకూ వచ్చేవి. ఇరాక్ స్కడ్ క్షిపణులను అమెరికా నిరోధక క్షిపణులు పేట్రియాట్లు ‘ఇంటర్‌సెప్ట్’ చేశాయని వచ్చిన ప్రతిచోటా ‘కూల్చేశాయి’ అని రాశాను. ఆ నెల 15న అధ్యక్షుడు పెద్ద బుష్ మసాచుసెట్స్‌లో పేట్రియాట్లు తయారయ్యే కర్మాగారానికి వెళ్లి, 42 స్కడ్‌లలో 41ని ఆపాయని ప్రకటించాడు. అదీ నా చేతిలో ‘41 కూల్చివేత’ అయింది. మరుసటి ఏడాది కాంగ్రెస్ కమిటీ విచారణలో ఒక సైనికాధికారి ఆ మాటకు అర్థం వివరించాడు. పేట్రియాట్, స్కడ్ ఆకాశంలో ఒకదాని దారికి ఒకటి అడ్డుగా వెళ్లాయని మాత్రమేనట. స్కడ్ తలలోని బాంబు నాశనమైందని ఆ మాట చెప్పలేదు. చెప్పింది నేను.

ఆ ప్రకటన వచ్చిన పది రోజులకు, ఫిబ్రవరి 25 రాత్రి, సౌదీలోని ధహ్రాన్‌లో అమెరికా సైనికుల బస మీద ఒక స్కడ్ పడింది. 28 మంది చనిపోయారు. అక్కడి పేట్రియాట్ కంప్యూటర్ వంద గంటలకు పైగా ఆపకుండా నడుస్తోంది. సెకనులో పదో వంతును లెక్కించడంలో ఉన్న వెంట్రుకవాసి పొరపాటు పేరుకుని పేరుకుని సెకనులో మూడో వంతు అయింది. ఆ కాస్త వ్యవధిలో స్కడ్ అర కిలోమీటరుకు పైగా దూసుకుపోతుంది. కంప్యూటర్ ఆకాశంలో తప్పుచోట వెతికింది. ఆ పేట్రియాట్ పైకి లేవనే లేదు. దిద్దిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్ చేరింది 26న.

నీ వ్యాసంలో ఇది మూడో పేజీలో, బ్రాకెట్లలో ఉంది. దాన్ని ముందుకు తీసుకురా. ఈ వ్యవస్థలను సమర్థించేవారూ వ్యతిరేకించేవారూ ఇద్దరూ జవాబు చెప్పాల్సింది ఆ 28 మందికి.

వ్యతిరేకిస్తూ రాశావు. నాదీ దాదాపు అదే అభిప్రాయం. అయినా అవతలి పక్షాన్ని మరీ బక్కగా నిలబెట్టావు. 1983 మార్చి 23న ఇలాంటి రక్షణ కావాలంటూ రీగన్ టీవీలో అడిగిన దాంట్లో న్యాయం ఉంది. మనవాళ్లు చనిపోయాక పగ తీర్చుకోవడం కంటే, ముందే వాళ్లను బతికించుకోవడం మేలు కాదా అన్నాడు. ఆ ప్రశ్న విని ఒక తల్లి ఏమనుకుంటుందో ముందు రాయి. 1998 ఆగస్టు 31న ఉత్తర కొరియా ప్రయోగించిన రాకెట్ జపాన్ మీదుగా వెళ్లింది. మరుసటి ఏడాది, సాంకేతికంగా సాధ్యమైన వెంటనే ఈ వ్యవస్థను నెలకొల్పాలన్న బిల్లుకు సెనేట్‌లో 97 మంది అవునన్నారు, ముగ్గురే కాదన్నారు. ఆ 97 మందీ ఆయుధాల కంపెనీల మనుషులే అని నువ్వు రాసిన వాక్యం కొట్టేశాను. దానికి నీ దగ్గర ఆధారం లేదు. ‘సాధ్యమైన వెంటనే’ అన్న మాటను మాత్రం వదలకు. చట్టం మీద సంతకం చేసిన అధ్యక్షుడు క్లింటనే, 2000 సెప్టెంబరు 1న ఇంకా సాధ్యం కాలేదంటూ నిర్ణయాన్ని తన తర్వాతివారికి వదిలేశాడు.

ఎందుకు కష్టమో చెప్పే చోట నీ భాష బిగుసుకుపోయింది. మన పౌరాణిక సినిమాల్లో రెండు బాణాలు ఆకాశంలో ముక్కుకు ముక్కు తగిలి మాయమయ్యేవి కదా, పాఠకుడి కళ్లలో ఉన్నది ఆ బొమ్మే. అక్కడి నుంచే ఎత్తుకో. అలాస్కాలోని ఫోర్ట్ గ్రీలీ, కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ స్థావరాల్లో ఉంచిన 44 ఇంటర్‌సెప్టర్లు, అంటే అడ్డుకునే క్షిపణులు, చేయాల్సిందీ అలాంటి పనే. పేలుడు పదార్థం ఉండదు, సూటిగా వెళ్లి ఢీకొట్టాలి. అయితే అక్కడ ఎదుటి బాణం ఒక్కటే రాదు. గాలి లేని చోట ఇనుప గుండూ బుడగా ఒకే వేగంతో పోతాయి. అణుబాంబు పక్కన పది ఖాళీ బుడగలు వదిలితే ఏది నిజమో ఏది డొల్లో నిమిషాల్లో తేల్చాలి. ముందే ఏర్పాటు చేసుకున్న పరీక్షల్లోనే గురి తగిలింది సగానికి కాస్త పైన.

క్షిపణి నిరోధక వ్యవస్థలకు హద్దు పెడుతూ అమెరికా, సోవియట్ యూనియన్ చేసుకున్న 1972 నాటి ఒప్పందం మీద నీ పేరా బాగుంది, ముట్టుకోను. ఎదుటివాడు కవచం తొడుక్కుంటే నేను ఇంకో పది బల్లేలు చేయించుకుంటాను అన్న భయాన్ని సరిగ్గా పట్టుకున్నావు. దానికి నార్త్ డకోటాలోని నెకోమాను కలుపు. 1975 అక్టోబరులో అక్కడి క్షిపణి నిరోధక కేంద్రం పూర్తిగా పనిలోకి వచ్చింది. సరిగ్గా మరునాడు దాన్ని మూసేయాలని ప్రతినిధుల సభ ఓటేసింది. కాంక్రీటు పిరమిడ్ ఒకటి పొలాల మధ్య ఇంకా నిలబడే ఉంది.

డబ్బు లెక్క మన లెక్కలోకి మార్చు. దేశమంతటికీ కట్టే ఈ కొత్త రక్షణ వ్యవస్థ గోల్డెన్ డోమ్‌కు 175 బిలియన్ డాలర్లని ట్రంప్ 2025 మేలో ప్రకటించాడు. అప్పటి లెక్కన సుమారు 15 లక్షల కోట్ల రూపాయలు. అంతరిక్షంలో ఉంచే ఇంటర్‌సెప్టర్లకే ఇరవై ఏళ్లలో 542 బిలియన్ల దాకా కావచ్చని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అదే నెలలో లెక్క కట్టింది. ఆ రెండు అంకెలూ పక్కపక్కనే ఉండాలి. నీ వ్యాసంలో మొదటిదే ఉంది.

మన డీఆర్‌డీవో గురించి చివర్లో అతికించిన అర పేజీ తీసేశాను. హైదరాబాద్ ప్రయోగశాలల్లో జరిగే పని మనకు దగ్గరిది కాబట్టే దానికి వేరే వ్యాసం కావాలి. తోకలా తగిలించకు.

కవచం బదులు ఏం పెట్టాలో నాకూ పూర్తిగా తేలలేదు. ‘క్షిపణి నిరోధక వ్యవస్థ’ పొడిగా ఉంటుంది, కానీ చేయలేనిది చేస్తానని మాట ఇవ్వదు. నీకు ఇంకా మంచి మాట దొరికితే వ్యాసంతో పాటు పంపించు. వచ్చే ఆదివారం వరకు నా దగ్గర చోటు ఉంచుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు