రైతుల ఊరిలో హత్య కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు అధ్యాయాలు రెండుసార్లు చదివాను. మనుషులు బాగున్నారు, వాళ్ల మాటలు ఇంకా బాగున్నాయి. హత్య మాత్రం ఎక్కడో నగరంలో జరిగినదాన్ని తెచ్చి పొలంలో పడేసినట్టుంది. శవాన్ని ధాన్యపు కొట్టు పక్కన పడుకోబెట్టినంత మాత్రాన అది రైతుల ఊరి కథ అయిపోదు. హంతకుడు ఆ ఊరి పనిని ఆసరా చేసుకోవాలి, అతన్ని పట్టించే ఆధారం కూడా ఆ పనిలోంచే దొరకాలి.

మరణ సమయాన్ని నువ్వు డాక్టరు చేత చెప్పించావు. శవం బిగుసుకోవడం సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటల్లో మొదలై సుమారు 12 గంటలకు పూర్తవుతుంది. చలిలో ఆలస్యమవుతుంది, వేడిలో తొందరపడుతుంది. కాబట్టి నిజాయతీ గల డాక్టరు ఒక నిమిషం చెప్పడు, కొన్ని గంటల వ్యవధి చెబుతాడు. ఆ వ్యవధిని కుదించే పనిని ఒక ఆవుకు అప్పగించు. రోజుకు రెండు పూటలా పాలు పితికే ఆవును ఒక పూట వదిలేస్తే పొదుగు బిగిసి, పాలు కారి, ఆగకుండా అరుస్తుంది. పక్క ఇంటి ముసలామె ఆ అరుపు విని విసుక్కున్న సంగతిని మొదటి అధ్యాయంలోనే, నవ్వు పుట్టించేలా, దాటవేసినట్టుగా చెప్పు. సాయంత్రం పాలు తీయడానికి చనిపోయినాయన రాలేదన్న విషయం పాఠకుడి కళ్ల ముందే ఉంటుంది, కానీ కనిపించదు.

ట్రాక్టరును నువ్వు అలంకారంగా వాడుకున్నావు. దానికి ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో చూపే అవర్ మీటరు ఉంటుందని గుర్తుంచుకో. పాత ట్రాక్టర్లలో ఈ మీటరు గడియారాన్ని బట్టి కాక ఇంజను చుట్లను బట్టి నడుస్తుంది. నిర్ణీత వేగంలో తిరిగితేనే గంటకు గంట లెక్క పడుతుంది, సగం వేగంతో నాలుగు గంటలు తిరిగితే రెండు గంటలే పడుతుంది. ఇప్పుడు నీ అనుమానితుడు మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా దున్నుతూనే ఉన్నానంటాడు, ఇంజను చప్పుడు విన్నామని ఊరంతా సాక్ష్యం చెబుతుంది, మీటరు మాత్రం రెండే గంటలు ముందుకు జరిగి ఉంటుంది. పాత మీటరు తక్కువ చూపడం మామూలేనని ఎవరో అతన్ని వెనకేసుకొస్తారు. అయితే నాగలి మట్టిలో దిగితే ఇంజనును అంత నెమ్మదిగా నడపడు కదా! అతను దాన్ని చెట్ల చాటున ఊరికే తిరగనిచ్చి వేరే చోటికి వెళ్లాడు. పొలాన్ని ముందురోజే దున్నేశాడు. అప్పుడే తిరగబడిన మట్టి తడిగా, నల్లగా ఉంటుందని, ఎండకు పాలిపోతుందని నీ ముసలామెకు తెలుసు. ఇలాంటి ఆధారాలు రెండు దొరికితే నవల నిలబడుతుంది.

పురుగుమందు జోలికి వెళ్లకు. అందరికీ మొదట తట్టేది అదే. పారాక్వాట్ లాంటి కలుపుమందులో తయారీదారులు రంగు, దుర్వాసన, వాంతి తెప్పించే పదార్థం కలపడం మామూలు కాబట్టి దాన్ని ఎవరికైనా తెలియకుండా తాగించడం కాగితం మీద మాత్రమే తేలిక. దానికంటే ప్రమాదంలా కనిపించే చావు మేలు. పశువుల మేతను గాలి చొరకుండా నిల్వ చేసే గోపురాన్ని సైలో అంటారు. పచ్చిమేత నింపిన సైలోలో మొదటి మూడు వారాలూ నైట్రోజన్ డయాక్సైడ్ అనే విషవాయువు చేరే ప్రమాదం ఉంటుంది. అది ఎర్రటి గోధుమరంగులో, బ్లీచింగ్ వాసనతో ఉంటుంది. ముప్పై ఏళ్లుగా సైలో నింపుతున్న మనిషి లోపలికి గాలి ఊదే యంత్రాన్ని నడపకుండా అందులోకి ఎందుకు దిగుతాడు? ఊరు అయ్యో పాపం అనుకుని ఊరుకుంటుంది, నీ ముసలామె ఒక్కతే ఊరుకోదు.

ఆటలో మోసం చేయకు. మతగురువు, రచయిత అయిన రోనాల్డ్ నాక్స్ 1929లో రాసిన పది నియమాల్లో రహస్య మార్గం ఒకటికి మించకూడదన్న సరదా నియమం ఉంది, పరిశోధకుడు చూసిన ఆధారాన్ని వెంటనే పాఠకుడికీ చూపాలన్న గట్టి నియమమూ ఉంది. రెండోదాన్ని తప్పకు. తెలిసిన పనిని తప్పుగా రాయడం కూడా మోసమే. నేను చిన్నప్పుడు ఒక కథలో మంచు ఆరకముందే కోత యంత్రాన్ని పొలంలో దింపితే, ఒక రైతు ఒకే ఒక్క వాక్యం రాసి పంపాడు: మీ హంతకుడి సంగతి తర్వాత, ముందు ఆ తడి గింజలను ఆరబెట్టండి.

రక్తాన్ని తెర వెనకే ఉంచావు, మంచిదే. ఈ కథల్లో హాయి అంతా ఇరుగుపొరుగువారి పరిచయంలో ఉంది, భయం కూడా అక్కడే ఉంది. గట్టు తగాదా, నీటి వంతు, వారసత్వం లాంటి కారణాలు పాతవే అయినా సరిపోతాయి. కానీ నీ చివరి అధ్యాయం హంతకుడిని పోలీసులు తీసుకెళ్లడంతో ఆగిపోతుందని సూచించావు. మరునాడు తెల్లవారుజామున అతని కొట్టంలోని పశువులకు మేత వేసేదెవరు? ఆ పనికి ఎవరు వెళ్తారో, ఎవరు మొహం తిప్పుకుంటారో రాయి.

నాలుగో అధ్యాయం మొదలుపెట్టకముందు, హత్య జరిగిన రోజున ఊళ్లో ఒక్కొక్కరు ఏ పనిని ఏ గంటకు మొదలుపెట్టి ఎప్పుడు ముగించారో ఒక కాగితం మీద రాసి పంపు. ఆవు సంగతి కూడా అందులో ఉండాలి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న