ఫైబర్ గ్లాస్ టాపర్‌కి తక్కువ ఖర్చులో రంగు

ప్రశ్న: అన్నా, మాది ఉప్పల్. టెక్సస్ వచ్చి సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నాను. వెనక సామాన్ల తొట్టి మీద కప్పులా ఉండే ఫైబర్ గ్లాస్ టాపర్ బాగా వెలిసిపోయింది. షాపువాళ్లు చెప్పిన రేటు వింటే టెన్షన్ వస్తోంది. ఏం చేయమంటావు?

జవాబు: తమ్ముడూ, రంగు డబ్బా కొనేముందు టాపర్‌ని వేలితో రుద్ది చూడు. తెల్ల పొడి అంటితే, అది ఎండకు పైనున్న జెల్‌కోట్ పొర పొడిబారడమే. శుభ్రంగా కడిగి, రబ్బింగ్ కాంపౌండ్ పట్టించి, వాక్స్ వేస్తే చాలాసార్లు మెరుపు తిరిగొస్తుంది. పొర పగిలి పెచ్చులు ఊడుతుంటేనే పెయింట్ మాట.

మన హైదరాబాద్‌లో అయితే బండిని టింకరింగ్, పెయింటింగ్ వాళ్లకి అప్పగించేసి నిశ్చింతగా ఉంటాం. అమెరికాలో బిల్లు పెరిగేది రంగు కన్నా పనిగంటల వల్లే ఎక్కువ. ఆ గంటలు నువ్వే పెట్టుకో. ఈసారి సెలవుల్లో వనస్థలిపురం దగ్గర ఆటోనగర్‌లో ఓ పెద్దాయన లారీ తలుపుకి వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) కొడుతుంటే నిలబడి చూశాను. మగ్గుతో నీళ్లు పోస్తూ కాసేపు రుద్దుతాడు, ఆగి కళ్లు మూసుకుని అరచేత్తో తడుముతాడు. కంటికి ఆనని ఎత్తుపల్లాలు చేతికి దొరుకుతాయి. అంత ఓపిక పడితే సగం పని అయిపోయినట్టే.

వరస మాత్రం తప్పకు. ముందు సబ్బునీళ్లు, తర్వాత పాత వాక్స్‌నీ గ్రీజునీ తీసేసే ద్రావకం, ఆ తర్వాతే పేపర్. ముందే రుద్దితే పాత వాక్స్ గీతల్లోకి దిగి, కొత్త రంగు గుండ్రంగా గుంటలు పడుతుంది. 320 నంబర్ పేపర్‌తో తడిపి రుద్దు, లోపలి గాజు పీచు తేలేదాకా వద్దు. పగుళ్లుంటే ఎపాక్సీ ఫిల్లర్, దానిపైన ఎపాక్సీ ప్రైమర్, ఆరాక 400 పేపర్. ఆ దుమ్ము ఒంటికి దురద, ఊపిరికి చేటు. మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

స్ప్రే గన్ జోలికి పోకు. రెండు డబ్బాలు కలిపి కొట్టే ఆటో యూరెథేన్ పెయింట్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి, ఉబ్బసం తెప్పిస్తాయి, మామూలు మాస్కు వాటిని ఆపలేదు. పడవలకి వేసే ఒకే డబ్బా రకం టాప్‌సైడ్ ఎనామెల్ తీసుకో. ఫోమ్ రోలర్‌తో పల్చగా వేసి, తడి ఉండగానే మెత్తని బ్రష్ కొసతో తేలిగ్గా లాగితే బుడగలు పోయి నున్నగా పరుచుకుంటుంది. రెండు, మూడు కోట్లు చాలు. మిట్టమధ్యాహ్నం ఎండలోనూ, మంచు పడే సాయంత్రంలోనూ వేయకు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చేసేట్టయితే ముందు అక్కడి ఆఫీసులో అడుగు.

రంగు తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పారేయకు, వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టు. మిగిలిన పెయింట్, థిన్నర్ చెత్తబుట్టలో వేయకుండా మీ ఊళ్లో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇచ్చెయ్.